వాల్స్‌లో శీతకాలం: రాతి గదులు, వేడినీళ్ళు

స్విట్జర్లాండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు శీతకాలపు సెలవులంటే సాధారణంగా రెండే దారులు కనిపిస్తాయి: మంచు మీద స్కీయింగ్ నేర్చుకోవడం, లేదా విమానమెక్కి ఇంటికి వెళ్ళిపోవడం. నాకు స్కీయింగ్ మీద ఆసక్తి లేదు, మా ఆవిడకు మోకాళ్ళు సహకరించవు, ఇద్దరికీ ఇంటికి వెళ్ళేంత సెలవు దొరకలేదు. అందుచేత జనవరిలో గ్రావ్‌బ్యుండెన్ రాష్ట్రంలోని వాల్స్ అనే కొండ ఊరికి వెళ్ళి, అక్కడి వేడినీటి స్నానశాలకు ఆనుకుని ఉన్న హోటల్లో ఏ పనీ పెట్టుకోకుండా కొన్నాళ్ళు గడిపి వచ్చాము.

జ్యూరిచ్ నుంచి ఖూర్ దాకా పెద్ద రైలు, అక్కడి నుంచి ఇలాంట్స్ దాకా రేటియన్ రైల్వే వారి ఎర్ర రైలు, ఆపైన పసుపుపచ్చ పోస్టు బస్సు. వేల ఏళ్ళ క్రితం ఫ్లిమ్స్ దగ్గర కొండ విరిగిపడి లోయను పూడ్చివేయగా, ఆ శిథిలాలను రైన్ నది కోసుకుంటూ చేసిన తెల్లని లోతైన దారి గుండా ఈ రెండవ రైలు వెళుతుంది. మంచు పడ్డ రోజున అక్కడ నది ఒక్కటే ముదురు రంగులో కనిపిస్తుంది. వాల్స్ సుమారు 1,250 మీటర్ల ఎత్తులో ఉంది. చుట్టుపక్కల లోయల్లో రోమాన్ష్ భాష వినిపిస్తే, ఇక్కడ మాత్రం కొన్ని వందల ఏళ్ళ క్రితం వలస వచ్చిన వాల్జర్ల జర్మన్ మాండలికం వినిపిస్తుంది. ఇళ్ళ కప్పులన్నీ రాతిపలకలే.

ఆ రాయే ఈ కథకు మూలం. 1960లలో ఇక్కడ కట్టిన హోటల్ సముదాయం నష్టాల్లో కూరుకుపోగా, సుమారు వెయ్యిమంది ఉండే ఈ ఊరి పంచాయతీయే 1983లో దానిని కొని, కొత్త స్నానశాల కట్టే బాధ్యతను పీటర్ జుమ్తోర్ అనే స్థపతికి అప్పగించింది. 1996లో అది తెరుచుకుంది. రెండేళ్ళకే రక్షిత కట్టడమైంది. జుమ్తోర్‌కు 2009లో, స్థపతులకిచ్చే అత్యున్నత గౌరవంగా పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఒక చిన్న పంచాయతీ ఇంత సాహసం చేయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

స్నానశాల సగం కొండలోకి చొచ్చుకుని ఉంటుంది. పైకప్పు మీద గడ్డి పెరుగుతుంది కనుక చలికాలంలో అదంతా మంచు కిందే ఉంటుంది. గోడలకు అదే లోయలో తవ్వితీసిన క్వార్ట్‌జైట్ రాతిపలకలు సుమారు 60,000 వాడారు. పలకల మందాలు మూడే రకాలు, ఏ వరుసలో పేర్చినా మూడూ కలిసి 15 సెంటీమీటర్లే అవుతాయి. అందుకే గోడ క్రమంగానూ కనిపిస్తుంది, ఎక్కడా ఒకే నమూనాలోనూ ఉండదు. తాండూరు బండల నేల మీద పెరిగిన పాదానికి ఆ తడిరాయి వెంటనే పరిచయమైపోతుంది. తేడా అల్లా ఇక్కడి నేల గోరువెచ్చగా ఉండటమే.

లోపలికి వెళ్ళే నడవాలో గోడ నుంచి ఇత్తడి గొట్టాలు పొడుచుకు వచ్చి ఉంటాయి. వాటి నుంచి ఊటనీరు సన్నగా కారుతూ, తనలోని ఇనుము వల్ల గోడ మీద తుప్పు చారలు గీస్తుంది. భూమిలోంచి ఆ నీరు సుమారు 30 డిగ్రీల వేడితో వస్తుంది. లోపల ఏ తొట్టికి ఆ తొట్టి వేడి వేరు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఏమిటంటే, ముందు ఇందులో దిగండి, తరువాత అందులో ఇన్ని నిమిషాలుండండి అని చెప్పే పట్టిక అక్కడ లేదు. భారీ రాతి దిమ్మెల మధ్య తిరుగుతూ ఉంటే ఒక్కొక్క దిమ్మె లోపల ఒక్కొక్క గది దొరుకుతుంది. ఇతర స్పా హోటళ్ళలో విశ్రాంతి కూడా అపాయింట్‌మెంట్ల వరుసగా మారిపోవడం చూసిన మాకు, ఈ గమ్యం లేని నడకే అసలైన చికిత్స అనిపించింది. మసాజులు ఇక్కడా ఉన్నాయి, బాగానే ఉన్నాయి, అంతకంటే చెప్పవలసినది లేదు.

ఎర్రని గోడల గదిలో 42 డిగ్రీల నీరు, దానికి జోడీగా మరొక గదిలో 14 డిగ్రీల చన్నీరు ఉంటాయి. "ముందు మీరు దిగండి, మీరు అరిచేదాన్ని బట్టి నేను నిర్ణయించుకుంటాను" అంది మా ఆవిడ. నేను అరిచాను. ఆవిడ దిగలేదు. ఇంకొక చోట, నీటిలోనే ఇరుకు దారి దాటుకుని వెళితే ఎత్తైన చిన్న గది వస్తుంది. అక్కడ మంద్రంగా షడ్జమం పట్టుకుంటే నాలుగు గోడలూ తిరిగి పాడతాయి. సంగీతం రాని వాళ్ళకూ అక్కడ కాసేపు వచ్చినట్లే ఉంటుంది.

శీతకాలంలోనే వెళ్ళమని నేను చెప్పడానికి కారణం ఆరుబయటి కొలను. వేసవిలో దానిని 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు, చలికాలంలో 36కు పెంచుతారు. లోపలి నుంచే నీటిలో నడుచుకుంటూ బయటికి వెళ్ళవచ్చు కనుక చలిగాలి ఒంటికి తగలదు, తగిలేది ముఖానికి మాత్రమే. మెడ దాకా వెచ్చదనం, జుట్టు మీద మంచు, ఎదుటి కొండ ఆవిరిలో కనిపిస్తూ మాయమవుతూ ఉండటం, ఇవన్నీ ఒకేసారి జరుగుతుంటే బుర్రలోని ఆఫీసు లెక్కలు వాటంతట అవే సద్దుమణుగుతాయి. మేమున్నప్పుడు కొన్ని రాత్రులు హోటల్ అతిథులకు మాత్రమే స్నానశాల తెరిచారు, మాట్లాడకూడదన్న నియమంతో. మన కుటుంబాలకు అది కష్టమైన నియమమే అయినా మేము పాటించగలిగాము.

హోటల్ పేరు 7132, అది ఆ ఊరి పిన్‌కోడు. జుమ్తోర్‌తో పాటు టడావో ఆండో, కెంగో కుమా, థామ్ మేన్ అనే పేరున్న స్థపతులు రూపకల్పన చేసిన గదులు అందులో ఉన్నాయి. అవి అందంగా ఉన్నాయి, అద్దె మాత్రం గుండెలు అదిరేలా ఉంటుంది. బార్లీ సూప్ చలికి హాయిగా ఉంటుంది కానీ అందులో తరచు ఎండుమాంసం వేస్తారు కనుక శాకాహారులు ముందే అడగడం మంచిది. ఖర్చు తగ్గించుకోదలచినవారు ఊళ్ళోని చిన్న బసలో దిగి, స్నానశాలకు ముందుగా టికెట్ తీసుకుని పగటిపూట వెళ్ళవచ్చు. రాత్రి స్నానం తప్పిపోతుంది తప్ప, బయటి కొలనులో మంచు అందరి నెత్తి మీదా ఒకేలా పడుతుంది.