అంచు కోసిన క్లెమెంటే

శనివారం. పొద్దున్నే లాండ్రీ వేసి, మావాణ్ణి స్విమ్మింగ్ క్లాసులో దింపి, వాడు బయటికొచ్చేలోపు దొరికిన కాస్త టైములో దగ్గర్లోని హోటల్ హాల్లో కార్డ్ షో ఉంటే దూరాను. పిట్స్‌బర్గ్‌లో ఉంటూ పాత బేస్‌బాల్ కార్డులు పోగేసేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి మా ఊరి జట్టు పైరేట్స్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే దగ్గరికి చేరతారు. నేనూ అంతే. ఇవాళ ఒకే టేబుల్ మీద టాప్స్ అనే కంపెనీ 1956లో వేసిన క్లెమెంటే కార్డు, 33వ నంబరు, రెండు కనిపించాయి.

ఒకటి చూస్తే కళ్ళు తిప్పుకోలేం, మూలలు ఇంకా వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి, రంగులూ వెలవలేదు. రెండోదాని మూలలు అరిగి గుండ్రమైపోయాయి, ఎడమ పక్కన పైనుంచి కిందిదాకా ఒక మడత, వెనకాల ఏ పిల్లాడో పెన్సిల్‌తో లెక్కలు వేసుకున్నాడు. తీరా ధర అడిగితే రెండూ దాదాపు ఒకటే! ఇంత బాగున్నది ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారని అడిగాను. టేబుల్ పెద్దాయన దాచలేదు. అరుగుదల కనబడకుండా కింది అంచు ఎవరో కోశారట, గ్రేడింగ్‌కి (కార్డు అసలుదేనా, ఎంత బాగుందో చూసి పదికి మార్కులు వేసే కంపెనీకి) పంపితే మార్కు వేయకుండా వెనక్కి పంపేశారట.

భూతద్దం పెట్టి చూస్తే నిజమే. మిగతా మూడు అంచులకీ సన్నటి నూగు ఉంది, డెబ్భై ఏళ్ళ పసుపుదనం ఉంది. కింది అంచు మాత్రం తెల్లగా, తిన్నగా. అరిగిన కార్డు మీద పెట్టి చూస్తే ఎత్తు వెంట్రుకవాసి తక్కువొచ్చింది. అయితే కొలత ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు, ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో షీట్లు కోసినప్పుడే కార్డులు కాస్త పెద్దవీ చిన్నవీ వచ్చేవి. పెద్దగా వచ్చిన కార్డుని కోసినవాడి చేతిలో అది సరిగ్గా అసలు కొలతకే, 3¾ బై 2⅝ అంగుళాలకు దిగుతుంది, స్కేలు పెట్టినా దొరకడు. అంచునే చూడాలి.

కోసిన కార్డు ముట్టుకోకూడదని మడి కట్టుకుని కూర్చునే రకం కాను నేను. మా ఊరి ఇంకో దేవుడు, పాతకాలపు ఆటగాడు హోనస్ వాగ్నర్ ఉన్నాడుగా, ఆయనది 1909-11 నాటి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 అనే వరసలోని కార్డు. అందులో అన్నిటికంటే పేరున్నదాన్ని, ఒకప్పుడు హాకీ వీరుడు గ్రెట్జ్కీ చేతిలో ఉన్నదాన్ని, 1991లో పీఎస్ఏ అనే కంపెనీ గ్రేడింగ్ మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట చూసి పదికి 8 వేశారు. 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని అంచులు తనే కోశానని కార్డుల వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. అయినా దాని మోజు తగ్గిందా? వాగ్నర్‌లు అంత అరుదుగా దొరుకుతుంటే కోసినదీ చిరిగినదీ అని ఏరుకునే పరిస్థితి ఎక్కడిది. 1956 క్లెమెంటే అలా కాదు, నెలాగితే ఇంకోటి దొరుకుతుంది. అలాంటప్పుడు కోసినది నాకెందుకు?

పైగా ఇవాళ ఆయన చెప్పాడు కాబట్టి నాకు తెలిసింది. నేను కొని, రేపు ఇంకొకరికి అమ్మి, వాళ్ళు మరొకరికి అమ్మితే ఆ మూడోవాడికి ఎవరు చెప్తారు? మడత అలా కాదు, ఎవరి చేతికి వెళ్ళినా తన సంగతి తనే చెప్పుకుంటుంది. అందుకే ఆ కోసిన కార్డే "ఆల్టర్డ్" (మార్పు చేసినది) అని లేబుల్ వేసిన ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఉంటే, ధర ఇంకాస్త దిగితే, కొనేవాణ్ణేమో. టీ206లు ఆల్బమ్‌కి అంటుకుపోతే నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తారు, దానికి చాలామంది అభ్యంతరం చెప్పరు, నేనూ చెప్పను, పోయేది జిగురే కదా. ఆవిరి పెట్టి మడతని ప్రెస్ చేయడం మాత్రం నాకు నచ్చదు. విరిగిన పీచు విరిగినట్టే ఉంటుంది, కొన్నాళ్ళకి గీత మళ్ళీ పైకి తేలుతుంది, అప్పటికి అమ్మినవాడు ఎక్కడుంటాడో.

అరిగినదే తీసుకున్నాను. దాని మీద పేరు కూడా పూర్తిగా రాబర్టో అనే ఉంది. ఆ మరుసటి ఏడాది నుంచి 1969 దాకా టాప్స్ వాళ్ళు ఆయన్ని "బాబ్"ని చేసేశారు (ఆఫీసులో మన పేర్లకి పట్టే గతే).

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆవిడ కార్డుని అటూ ఇటూ తిప్పి, "ఇంత నలిగినదానికా అంత పోశారు? పక్కనే మంచిది ఉందన్నారు కదా!" అంది. మావాడికి ఆ గొడవేం పట్టలేదు, వెనక పెన్సిల్ లెక్కలు చదువుతూ, "నాన్నా, ఏడెనిమిదులు యాభై నాలుగని రాశాడు, తుడిచేసి కరెక్ట్ చేయనా?" అన్నాడు. అప్పటికే రబ్బరు తెచ్చేసుకున్నాడు కూడా. తుడిస్తే అక్కడ అట్ట మీద పొర లేచిపోతుందని చెప్పి కార్డు లాక్కుని ప్లాస్టిక్ తొడుగులో పెట్టేశాను.

వచ్చే నెల షోకి 1971 క్లెమెంటే తెస్తానన్నాడు పెద్దాయన. ఆ ఏడాది కార్డులకి అంచులు నల్లవి, కాస్త రాసుకుంటే చాలు పెచ్చు లేచి తెల్లబడతాయి, దాంతో మార్కర్ పెన్ను పూసినవి బజార్లో బోలెడు. బ్లాక్‌లైట్ (అతినీలలోహిత కాంతి) వేస్తే ఆ పూత చాలాసార్లు అచ్చు ఇంకుకి భిన్నంగా కనబడుతుంది. నా బ్లాక్‌లైట్ టార్చిలో బ్యాటరీలు అయిపోయాయి, ఈ వారం కొనాలి.