హనుమకొండ టీచరమ్మ, రుషికొండ సముద్రం, ఒక పసుపు బ్యాగు

నిన్న తెల్లారకముందే వరంగల్ స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగాను. మోకాళ్ల పైన లోపలి వైపు అరచేయంత కమిలిన మచ్చలు. భుజాలు లేవట్లేదు. ఎడమ చెవి ఇంకా గుయ్‌మంటోంది. ఇవాళ స్కూల్లో బోర్డు పై సగం అందక కింద సగంలోనే పాఠం కానిచ్చాను. నొప్పులు తగ్గాక రాస్తే అంతా బ్రహ్మాండంగా జరిగినట్టు రాసేస్తానని ఇప్పుడే కూర్చున్నాను.

చేసిన పని ఇది: విశాఖ దగ్గర రుషికొండ నుంచి భీమిలి దాకా, దాదాపు 15 కిలోమీటర్లు, సముద్రంలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న, సన్నటి పడవ) నడిపాను. నాకు 44 ఏళ్లు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. తేలియాడే వస్తువులు, గరిమనాభి (అదే, సెంటర్ ఆఫ్ గ్రావిటీ)... పద్దెనిమిదేళ్లుగా తొమ్మిదో తరగతికి చెప్తున్న పాఠాలు, పుస్తకం తెరవకుండా చెప్పగలను. ఈ గొప్ప ముందే ఎందుకు చెప్పుకున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మొదలు లక్నవరంలో. నిరుడు మా బిడ్డతో వెళ్లినప్పుడు అక్కడ ప్లాస్టిక్ కయాక్ మీద అరగంట తిరిగాం. పైన కూర్చునే రకం, పీట మీద కూర్చున్నట్టే. కాకతీయుల చెరువు, కదలని నీళ్లు, పడలేదు. పడలేదు కాబట్టి వచ్చేసిందనుకున్నాను. అదే మొదటి తప్పు. విశాఖలో ఒక చిన్న బృందం సముద్రంలో నేర్పుతుందని తోటి టీచర్ చెబితే ఫోన్ చేశాను. రెండు షరతులు పెట్టారు: ఆగకుండా 50 మీటర్లు ఈదాలి, డాక్టర్ సర్టిఫికెట్ తేవాలి.

ఈత గురించి చెప్పడానికేం లేదు. అంతకుముందు నాకు తెలిసిన ఈతల్లా మేడారం జాతరలో జంపన్నవాగులో మూడు మునకలు. ఆడవాళ్ల బ్యాచ్‌లో మూడు నెలలు పొద్దున్నే వెళ్లాను, వచ్చింది.

సర్టిఫికెట్ సంగతి మాత్రం చెప్పాలి. మాకు దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్లాను. "కయాక్ అంటే?" అన్నాడు డాక్టర్. చిన్న పడవ అన్నాను. "ఎక్కడ?" సముద్రంలో అన్నాను. ఆ మాటతో బిల్లు పెరిగింది. ఈసీజీ, టూడీ ఎకో, రక్త పరీక్షలు, మళ్లీ రమ్మనడం, మళ్లీ ఓపీ ఫీజు. చివరికి రిపోర్టులు తెరవకుండానే సంతకం గీకాడు. ఫిట్స్ ఉన్నాయా, ఆస్తమా ఉందా, చెవిలో ఏమైనా ఇబ్బందా, భుజం ఎప్పుడైనా జారిందా అని ఒక్క ప్రశ్న లేదు. ఈ పనికి అడగాల్సినవి అవే, ముఖ్యంగా భుజం. విశాఖలో కోచ్ ఆ కాగితాన్ని మడిచి టీ ఫ్లాస్క్ కింద పెట్టాడు, ఇసుక అంటకుండా. మీరు వెళ్తే మిమ్మల్ని ఎప్పటినుంచో ఎరిగిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. అద్దాల తలుపులున్న చోటికి పోకండి.

ఇంట్లో మా అత్తమ్మ ఒక్కటే అడిగింది. "నడీడుల గిదేం ముచ్చట బిడ్డా, నీళ్లల్ల పడితె ఎవలు తీస్తరు?" లైఫ్ జాకెట్ ఉంటుందిలే అత్తమ్మా అని నవ్వేశాను. ఆమె అడిగిందే అసలు ప్రశ్న అని రుషికొండలో తెలిసింది.

మొదటి రోజంతా పడడమే నేర్పుతారట. ఇది నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

సముద్రపు కయాక్ లక్నవరం పడవలా ఉండదు. పదహారు అడుగుల పొడవు, వెడల్పు రెండడుగులకు కూడా తక్కువ. పైన కూర్చోవడం కాదు, లోపలికి దూరాలి. కాళ్లు ముందుకు చాపి, మోకాళ్లు పైకప్పు కింద ఆనించి పెట్టాలి (నా మచ్చలు అక్కడివే). ఆ తర్వాత నడుముకు ఒక రబ్బరు గుడ్డ తొడిగి, దాని అంచును పడవ రంధ్రం చుట్టూ బిగిస్తారు, నీళ్లు లోపలికి రాకుండా. దాని పేరు స్కర్ట్. ముందు వైపు ఒక పట్టీ వేలాడుతుంది. బోల్తా పడితే ఆ పట్టీ లాగితేనే స్కర్ట్ ఊడుతుంది, మనం బయటపడతాం. ఉత్తర ధ్రువం వైపు ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చేపల తోలుతో ఇలాంటి పడవలు చేసుకునేవారట. వాళ్లు బోల్తా పడ్డా బయటికి రాకుండా తెడ్డుతోనే మళ్లీ పైకి లేచేవారట. కోచ్ ఇది చెప్తుంటే తల ఊపాను. సీల్ చేప కాదు, క్షీరదం అని సరిదిద్దాను కూడా. నాతో పాటు బ్యాచ్‌లో ఆరుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లున్నారు. వాళ్ల ముందు నేను ఫిజిక్స్ టీచర్నని, పడవ ఎందుకు తిరగబడుతుందో నాకు చెప్పక్కర్లేదని అన్నాను. అనకుండా ఉండాల్సింది.

కోచ్ ఆ పక్క ఊరి కుర్రాడే. పాతికేళ్లుంటాయి, మాట చాలా మర్యాద. నడుం లోతు నీళ్లలో నా పడవ పక్కన నిలబడి చెప్పాడు. "ఏటీ అవదు మేడమ్ గారూ. బోల్తా పడినాక కంగారు పడకండి. ముందుకి వంగి, పడవని మూడుసార్లు తట్టండి. తట్టీసి, బేగి లాగీసి బైటికొచ్చీండి."

సరే అన్నాను. నా ఎదురుగా పడవ మీద సాగే తాళ్ల కింద పసుపురంగు వాటర్‌ప్రూఫ్ బ్యాగొకటి ఉంది. దాన్ని చూసుకున్నాను. ఇదే అన్నమాట, అనుకున్నాను.

పడవను తిప్పేశాడు.

నీళ్ల కింద తలకిందులుగా ఉంటే మొదట తెలిసేది ముక్కు. ఉప్పునీళ్లు నేరుగా నుదుటి దాకా ఎక్కుతాయి. కళ్లు మూసుకున్నాను. మూడుసార్లు తట్టాను, లెక్క తప్పలేదు. తర్వాత చేతులు ముందుకు చాపి బ్యాగు వెతికాను. దొరికింది. లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. తాడు కొక్కెం ఊడి బ్యాగు చేతికొచ్చింది. ఇక బయటపడతానని చూస్తున్నాను. కాళ్లు ఎక్కడివక్కడే. స్కర్ట్ ఎక్కడిదక్కడే. బ్యాగును గుండెలకు హత్తుకుని, తలకిందులుగా, నా పద్దెనిమిదేళ్ల సర్వీసుతో సహా వేలాడుతున్నాను. ఎన్ని యుగాలో అనిపించింది. కుర్రాళ్ల వీడియోలో చూస్తే పద్నాలుగు సెకన్లు.

కోచ్ పడవను పట్టుకుని తిరిగి పైకి తిప్పాడు. దగ్గి దగ్గి కళ్లు తెరిచాను. అతని మొహంలో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"బ్యాగెందుకు లాగీసినారు మేడమ్ గారూ? నా టిఫినుంది అందులో."

"నువ్వే కదా తమ్ముడూ, బేగు లాగమన్నావు!"

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కుర్రాడు మెల్లగా, "ఆంటీ, బేగి అంటే తొందరగా అని" అన్నాడు. అంతే. ఆరుగురూ నీళ్లలో కూలబడి నవ్వారు. ఒడ్డున సెల్ఫీలు దిగుతున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. జల్దీ లాగమంటే అర సెకనులో లాగేదాన్ని. మా దగ్గర జల్దీ, వాళ్ల దగ్గర బేగి. మధ్యలో నా ప్రాణం.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను, ఏమీ అనుకోకండి. రెండేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతిలో తండా నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. "పటం గీసి భాగాలు గుర్తించండి" అంటే చక్కగా ఒక చట్రం గీసి, దానికి పూలదండ వేసింది. పటమంటే ఆ పిల్లకు గోడకు వేలాడే దేవుడి ఫోటో. నేను ఆ కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించాను. నవ్వారు. నేనూ నవ్వాను. రుషికొండలో ముక్కులోంచి నీళ్లు కారుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ పూలదండే. పాఠ్యపుస్తకం భాష ఇంట్లో మాట్లాడే పిల్లలెంతమంది? ఒక్క మాట అర్థం కాకపోతే పిల్ల మొద్దని రిజిస్టర్ మూసేస్తాం. పోనీ, ఇది ఇంకోసారి రాస్తాను.

రెండోసారి తిప్పినప్పుడు అర్థం కాకుండా ఉండాలంటే ఎలాగని కోచ్ ఆలోచించి, నేను మునగ్గానే గొంతు చించుకుని అరిచాడు: "స్కర్టు లాగండి మేడమ్! స్కర్టూ!" నీళ్ల కింద నాకేం వినిపించదు. ఆదివారం రుషికొండ బీచ్‌కి మాత్రం మొత్తం వినిపించింది. పట్టీని ముందు ముందుకి, తర్వాత పైకి లాగాలి. ఊడింది. రెండు చేతులూ తుంటి దగ్గర ఆనించి నెట్టుకుంటూ బయటపడ్డాను. బయటికి రావడం నిజంగా అంతే, మూడు సెకన్ల పని.

మళ్లీ ఎక్కడమే అసలు శిక్ష. లోతు నీళ్లలో కాళ్లు ఆనవు. కోచ్ తన పడవను అడ్డంగా తెచ్చి, నా పడవ మూతిని తన పడవ మీదికి లాక్కుని, తలకిందులుగా వంచి నీళ్లు వంపి, తిప్పి పక్కన ఆనించి పట్టుకుంటాడు. ఇంతవరకూ బాగుంది. నేను వెనక భాగం మీదికి బోర్లా పాకి, తల తోక వైపు పెట్టి, కాళ్లు ఒక్కొక్కటీ రంధ్రంలోకి దించి, ఆపైన వెల్లకిలా తిరగాలి. మొదటిసారి లైఫ్ జాకెట్ అంచుకు తట్టుకుని వెనక్కి జారాను. రెండోసారీ అంతే. మూడోసారి ఎక్కాను కానీ, ఎక్కాననే సంతోషంలో తల ఎత్తి చూశాను. మళ్లీ బోల్తా. "ఆంటీ, సెంటర్ ఆఫ్ గ్రావిటీ!" అని అరిచాడు ఆ కుర్రాళ్లలో ఒకడు. వాడి మార్కులు నా చేతిలో లేకపోవడం వాడి అదృష్టం. నాలుగోసారి కోచ్ "ఏటనుకోకండి" అని నా జాకెట్ భుజం పట్టీ పట్టుకుని, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాను లారీలోకి గుంజినట్టు గుంజి పడేశాడు.

తర్వాత అడిగితే తెలిసింది, కాలు పెట్టుకోవడానికి ఒక తాడు ఉచ్చు ఉంటుందట. గుర్రం రికాబులాంటిది. అందులో పాదం పెట్టి లేస్తే చేతుల బలం పెద్దగా అక్కర్లేదు. అది మొదటే ఎందుకివ్వలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. అక్కలారా, అడగండి. మొదటే అడగండి. కాటన్ చుడీదార్ కూడా వద్దు, తడిస్తే రెండు కిలోలవుతుంది. అరచేతులకు సన్‌స్క్రీన్ రాసుకోకండి, తెడ్డు జారుతుంది. ఆ రోజు సాయంత్రానికి ఉచ్చుతో ఏడుసార్లు పడి ఏడుసార్లూ ఎక్కాను. కుర్రాళ్లలో ఇద్దరు మూడోసారికే చేతులెత్తేశారు. ఆ వీడియో మాత్రం ఎవరూ తియ్యలేదు!

మర్నాడు సముద్రం తేలిగ్గానే గడిచింది. తెల్లారుతుండగా బయల్దేరాం. కోచ్ ఫోన్‌లో అలల సమాచారం చూశాడు, మీటరు లోపే. అది ఎక్కడిదని తొంగిచూస్తే ఇన్‌కాయిస్. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర సంస్థ. దేశంలో మత్స్యకారులందరికీ అలల హెచ్చరికలు, సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తాయి. సముద్రం లేని మా తెలంగాణ నుంచి మీ సముద్రానికి కబురొస్తోందని అన్నాను. నిన్నటి పరువులో అణా వంతు తిరిగొచ్చింది.

పొద్దున గాలి కొండల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. అదే మోసం, తెడ్డు ఆపితే మెల్లగా లోపలికి తోస్తుంది. అలాగని రాళ్ల దగ్గరికి పోకూడదు. వచ్చే అల, రాయిని కొట్టి తిరిగొచ్చే అల కలిసినచోట నీళ్లు ఉన్నపాటున నిలువునా లేస్తాయి. తరంగాల అధ్యారోపణం అని చదివింది పిరుదుల కింద తెలిసింది. ఎడమ చేతి వైపు తొట్లకొండ. పైన బౌద్ధారామం ఉన్న సంగతి 1976లో నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడిందట. కింద నుంచి చూస్తే మామూలు కొండే. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం కనిపించింది. దగ్గరికి వెళ్దామంటే కోచ్ ఒప్పుకోలేదు. ఈసారి వాదించలేదు.

ఎర్రమట్టి దిబ్బలు వచ్చేసరికి గాలి తిరిగింది. ఇప్పుడు సముద్రం మీంచి, నా కుడి భుజం మీదికి. పడవ మూతి పదేపదే గాలికి ఎదురు తిరుగుతుంటే, నేను కుడి వైపే తెడ్డేసి తెడ్డేసి చెయ్యి పడిపోయింది. దిబ్బలు ఎండలో ఎలా ఉన్నాయని అడిగితే నిజం చెప్తాను, ఎర్రగా ఉన్నాయి. అంతకుమించి చూసే ఓపిక లేదు.

భీమిలిలో గోస్తనీ నది కలిసేచోటికి ఇవతలే దిగాం. ఒడ్డు చేరుతుంటే వెనక అల తోకను పక్కకు తోసేసింది. పడవ అడ్డం తిరిగింది, బోల్తా. కోచ్ ఎక్కడో ముందున్నాడు. పట్టీ ముందుకి, పైకి. తుంటి దగ్గర రెండు చేతులు. ముక్కులో ఉప్పుతో మోకాలి లోతు నీళ్లలో కూర్చుండిపోయాను. పసుపు బ్యాగు పక్కనే తేలుతోంది. వల బాగుచేసుకుంటున్న పెద్దామె నన్ను చూసి, నా వెనక్కి చెయ్యి చూపించి అరిచింది.

"బేగి లెగమ్మా, ఇంకోటొస్తంది!"

లేచాను.