టర్బో లేకుండా ట్రక్కు ఇంజిన్‌తో 500 హార్స్‌పవర్: నా అనుభవం

జనరల్ మోటార్స్ పెద్ద పికప్పుల్లో వచ్చిన 6.0 లీటర్ల ఎల్‌క్యూ4 ఇంజిన్‌ను టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ పెట్టకుండా 500 హార్స్‌పవర్‌కి తీసుకెళ్లే పని ఇది. కంపెనీ ఇచ్చిన పవరు 300 నుంచి 325 వరకు. పోత ఇనుప బ్లాకు, 4 అంగుళాల బోరు, 3.622 అంగుళాల స్ట్రోకు, మొత్తం 364 ఘనపు అంగుళాలు. బరువెక్కువే గానీ బ్లాకు మహా గట్టిది. టర్బో ఉంటే బూస్టు (లోపలికి తోసే గాలి ఒత్తిడి) కాస్త పెంచి చిన్నాచితకా లోపాలు కప్పేయొచ్చు. అది లేనప్పుడు గాలి తనంతట తాను సిలిండర్ నింపాలి. అందుకే డబ్బూ ఓపికా ముందు హెడ్ల (సిలిండర్ల పైన మూతలా ఉండి వాల్వులను పట్టుకునే భాగాల) మీదా, కొలతల మీదా పెట్టాలంటాను. క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్టు) ముందే కొనేసి మిగతావన్నీ దానికి సరిపెట్టడం తలకిందుల పని.

మొదట లెక్క వేసుకోవాలి. 6500 ఆర్‌పీఎం దగ్గర 500 హార్స్‌పవర్ రావాలంటే అక్కడ 404 అడుగు-పౌండ్ల టార్క్ నిలబడాలి. 364 ఘనపు అంగుళాలకు ఇది అందుబాటులో ఉన్న సంఖ్యే. గాలి వైపు నుంచి చూస్తే, 28 అంగుళాల నీటి పీడనం దగ్గర ఫ్లో బెంచి (హెడ్ గుండా గాలి ప్రవాహాన్ని కొలిచే యంత్రం) మీద ఒక్కో ఇన్‌టేక్ పోర్టు సుమారు 243 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) ఇవ్వాలి (సీఎఫ్‌ఎం × 0.257 × 8 సిలిండర్లు = హార్స్‌పవర్). పోర్టింగ్ (గాలి దారిని చెక్కి నునుపు చేయడం) చేయని, 243 అనే పోత నంబరున్న అల్యూమినియం హెడ్లు దాదాపు అక్కడే ఉంటాయి. వాల్వు సీటుకి కింద ఉండే గిన్నె భాగాన్ని శుభ్రంగా పోర్టింగ్ చేయించి, మంచి వాల్వ్ జాబ్ (సీట్లను సరైన కోణాల్లో చెక్కడం) కొట్టిస్తే వెసులుబాటు దొరుకుతుంది.

ట్రక్కుకి వచ్చిన 317 హెడ్లలో పోర్టులూ వాల్వులూ దాదాపు 243 వాటివే. తేడా అంతా చాంబర్‌లో (పెట్రోలు మండే గదిలో) ఉంది: 317కి 71 సీసీ, 243కి 64.5 సీసీ. కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందో ఆ నిష్పత్తి) అక్కడే తేలుతుంది. ఒక సిలిండర్ పరిమాణం 746 సీసీ. 51 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మందం లోహపు గాస్కెట్ దాదాపు 10.8 సీసీ తీసుకుంటుంది. ఈ ఇంజిన్లలో పిస్టన్ డెక్ (బ్లాకు పైతలం) కంటే ఏడు థౌ దాకా పైకి వస్తుంది, కాబట్టి 1.4 సీసీ తగ్గించాలి. ఎల్‌క్యూ9లో (ఇదే ఇంజిన్‌కి ఎక్కువ కంప్రెషన్ ఉన్న రూపం) వచ్చే చదును పిస్టన్లతో, 64.5 సీసీ చాంబర్‌తో మొత్తం 73.9 సీసీ, అంటే 11.1కి 1. ఎల్‌క్యూ4 సొంత గుంట పిస్టన్లే ఉంచితే ఆరేడు సీసీ ఖాళీ పెరిగి 10.2 దగ్గర ఆగిపోతుంది. నేను చదును పిస్టన్లకే వెళ్తాను. కాకపోతే 11 దాటాక మంచి ఆక్టేన్ పెట్రోలు తప్పనిసరి. కాగితం మీది చాంబర్ సైజును నమ్మకుండా, బ్యూరెట్‌తో, ప్లాస్టిక్ పలకతో ఎనిమిది చాంబర్లూ కొలవాలి. హెడ్ ఇంతకుముందు ఎవరైనా మిల్లింగ్ (అడుగు తలాన్ని చెక్కడం) చేయించి ఉంటే సంఖ్య మారిపోతుంది.

ఆ తర్వాతే క్యామ్. 50 థౌ లిఫ్టు (పైకి లేపే ఎత్తు) దగ్గర కొలిస్తే వాల్వు తెరిచి ఉండే వ్యవధి ఇన్‌టేక్ 228 నుంచి 232 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 236 నుంచి 240, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల మధ్య కోణం) 112, వాల్వు లిఫ్టు 0.600 అంగుళాల పైన. ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే ఈ చదును పిస్టన్లకు వాల్వు గుంటలుండవు, వాల్వు పిస్టన్‌కి తగలొచ్చు. ఒక సిలిండర్‌కి మెత్తటి చెకింగ్ స్ప్రింగులు వేసి, హైడ్రాలిక్ లిఫ్టర్ (క్యామ్ కదలికను పైకి అందించే, చమురు ఒత్తిడితో పనిచేసే భాగం) బదులు సాలిడ్ లిఫ్టర్ పెట్టి, వాల్వు మీద డయల్ గేజ్ నిలపాలి. హైడ్రాలిక్ లిఫ్టరే వదిలేస్తే అది లోపలికి కుంగి, లేని ఖాళీని ఉన్నట్టు చూపిస్తుంది. క్రాంకును చేత్తో తిప్పుతూ పిస్టన్ పై స్థానానికి 10 డిగ్రీల ముందు ఎగ్జాస్ట్, 10 డిగ్రీల తర్వాత ఇన్‌టేక్ చూడాలి. ఆ చుట్టుపక్కల డిగ్రీల్లో కూడా చూడాలి. ఇన్‌టేక్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 థౌ కంటే తగ్గితే పిస్టన్‌లో గుంట కొట్టించాలి, లేదా చిన్న క్యామ్ తీసుకోవాలి. చైన్ సాగితే క్యామ్ వెనకబడి ఎగ్జాస్ట్ వైపు ఖాళీ ఇంకా తగ్గుతుంది.

కంపెనీ వాల్వ్ స్ప్రింగులు ఈ లిఫ్టుకి ఆగవు. డబుల్ స్ప్రింగులు వేయాలి: సీటు మీద 140–150 పౌండ్లు, తెరిచినప్పుడు 400 దగ్గర. ఒకటి విరిగినా రెండోది వాల్వును పట్టుకుంటుంది. సింగిల్ స్ప్రింగు విరిగితే వాల్వు సిలిండర్‌లో పడి ఇంజినంతా పోతుంది. పూర్తి లిఫ్టులో చుట్టల మధ్య కనీసం 60 థౌ ఖాళీ ఉండాలి. రాకర్లలోని (వాల్వులను నొక్కే చేతుల్లోని) సూది బేరింగులు బయటికొచ్చి చమురులో పడే రకం, వాటి స్థానంలో బుష్‌లు వేస్తే ఆ భయం ఉండదు. పుష్‌రాడ్ (లిఫ్టర్ నుంచి రాకర్‌కి వెళ్లే కడ్డీ) పొడవు సర్దుబాటు చేసే రాడ్‌తో కొలిచాకే ఆర్డరు పెట్టాలి.

కింది భాగంలో మార్చాల్సింది తక్కువే. 6500 దాటించే ఆలోచన ఉంటే రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకి కలిపే కడ్డీ) బోల్టులు మంచివి వేసి, బిగించాక రాడ్ పెద్ద రంధ్రం గుండ్రంగా ఉందో లేదో కొలిపించాలి. పిస్టన్ పై రింగుకి 16 నుంచి 18 థౌ గ్యాప్, రెండోదానికి కాస్త ఎక్కువ. హోనింగ్‌ను (సిలిండర్ గోడల్ని సానపట్టడం) టార్క్ ప్లేటు (హెడ్ బదులు బిగించే మందపు పలక) బిగించే చేయించాలి.

బిగింపులో జాగ్రత్త పడాల్సిన చోట్లు మూడు. హెడ్ బోల్టు రంధ్రాలు అడుగు మూసుకున్నవి. వాటిలో నీళ్లో చమురో మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగులుతుంది. గాలి కొట్టి, గుడ్డతో తుడవాలి. 2004 తర్వాతి బోల్టులకైతే 22 అడుగు-పౌండ్లు, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 70 డిగ్రీలు; ప్రతిసారీ కొత్తవే. ఆయిల్ పంపు పికప్ గొట్టం దగ్గరి ఓ-రింగు నలిగితే పంపు గాలి పీల్చి ప్రెషర్ రాదు. క్రాంక్ పుల్లీకి పాత బోల్టుతో 240 అడుగు-పౌండ్లు పెట్టి కూర్చోబెట్టి, తర్వాత కొత్త బోల్టుకు 37, ఆపైన 140 డిగ్రీలు.

ట్రక్కు ఇన్‌టేక్ గొట్టాలు పొడవు, కింది టార్క్‌కి బాగుంటాయి గానీ 6000 ఆర్‌పీఎం పైన పవరు తగ్గించేస్తాయి. ఎల్‌ఎస్6 (జనరల్ మోటార్స్ స్పోర్ట్స్ కారు ఇంజిన్) తరహా ఇన్‌టేక్, 1¾ అంగుళాల హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు) వేయాలి. ఇంజెక్టర్లు: 500 హార్స్‌పవర్‌కి గంటకు 250 పౌండ్ల పెట్రోలు, ఎనిమిదికి పంచి 85 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) లెక్కేస్తే ఒక్కోటి 37 పౌండ్లు, 42 పౌండ్లవి తీసుకుంటే చాలు. ఆటోమేటిక్ గేరుబాక్సయితే 3000 ఆర్‌పీఎం స్టాల్ కన్వర్టర్ (అంత వేగం దాకా ఇంజిన్‌ను జారనిచ్చే టార్క్ కన్వర్టర్) లేకుండా ఈ క్యామ్ ఐడిల్‌లో బండి గుంజుతూనే ఉంటుంది.

ట్యూనింగ్‌లో పూర్తి థ్రాటిల్‌కి 12.8 మిశ్రమం (ఒక వంతు పెట్రోలుకి 12.8 వంతుల గాలి), 24 డిగ్రీల ముందస్తు స్పార్కుతో మొదలుపెట్టి ఒక్కో డిగ్రీ పెంచుతాను. డైనో (పవరు కొలిచే యంత్రం) మీద పవరు పెరగడం ఆగగానే అక్కడే ఆపి, ఒక డిగ్రీ వెనక్కి తగ్గించి వదిలేస్తాను. ఇంకా పవరు కావాలనుకుంటే 4.030 బోరు, 4 అంగుళాల క్రాంకుతో 408 ఘనపు అంగుళాలు చేసుకోవచ్చు. అప్పుడు హెడ్లు 300 సీఎఫ్‌ఎం దగ్గరవి కావాలి, లేకపోతే పెరిగిన పరిమాణం కింది టార్క్‌కే సరిపోతుంది.