డోనా నూక్ తీరంలో ఒక బాలింత

ఇంగ్లండు తూర్పు తీరాన, లింకన్‌షైర్‌లోని డోనా నూక్‌కు నవంబరు చివర్లో వెళ్ళాం. ఏటా అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా బూడిదరంగు సీళ్లు ఈ ఒడ్డుకు వచ్చి పిల్లల్ని కంటాయి. "నాన్నా, నీళ్లలో ఉండేది చేపే కదా?" అని దారంతా మా అమ్మాయి పట్టు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందని, వెచ్చని రక్తమని, ఒంటినిండా వెంట్రుకలని చెప్పాను. తనకు నమ్మకం కుదరలేదు.

ఇసుక దిబ్బల పక్కన చెక్క కంచె. ఇవతల మనం, అవతల అవి. కొన్నయితే నాలుగడుగుల దూరంలోనే పడుకున్నాయి. ఉన్నట్టుండి సీగల్ పక్షులు ఒకచోట గుంపుగా వాలాయి. అవి వాలాయంటే కాన్పు అయినట్టేనట, మాయ కోసం వస్తాయి. చూస్తే నిజమే. పసుపు మరకలున్న తెల్లని బొచ్చుతో తడితడిగా ఒక పిల్ల, పొట్ట కింద ఎర్రటి బొడ్డుతాడు. తల్లి గిర్రున తిరిగి దాని ముక్కుకు ముక్కు ఆనించి వాసన చూసింది. మా ఊళ్లో ఈనిన గేదె దూడను మూచూసినట్టే! ఇంత మందలోనూ సీలు తన బిడ్డను వాసనతో గుర్తుపడుతుంది. తెడ్డులాంటి ముందరి కాలితో ఇసుకను గీరినప్పుడు అయిదు గోళ్లు స్పష్టంగా కనిపించాయి. ఆ తెడ్డు లోపల ఉన్నవి మన చేతిలోలాగే అయిదు వేళ్ల ఎముకలు.

ఇంకొంచెం అవతల, రెండు మూడు రోజుల కిందట పుట్టిన పిల్ల ఒకటి తల్లి పొట్టను మూతితో పొడుస్తోంది. తల్లి పక్కకు ఒరిగింది. మామూలుగా చర్మం లోపలే దాగి ఉండే చనుమొనలు అప్పుడే బయటికి వస్తాయి. పిల్ల వదిలిన క్షణాన దాని మీసాలకు చిక్కటి తెల్లని పాలు. క్షీరం ఇచ్చేది క్షీరదం. బడిలో బట్టీపట్టిన ఆ మాటకు అర్థం నాకు ఆ మీసాల మీద కనిపించింది.

గేదె పాలలో వెన్న ఏడెనిమిది శాతం. ఈ పాలలో సగం దాకా కొవ్వే. అందుకే 14 కిలోలతో పుట్టిన పిల్ల రోజుకు దాదాపు 2 కిలోలు పెరుగుతుంది. పాలిచ్చే దాదాపు పద్దెనిమిది రోజులూ తల్లి ఏమీ తినదు, తన ఒంట్లోని కొవ్వునే పాలుగా మార్చి పోస్తుంది. తరవాత పిల్లను ఒడ్డునే వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది.

"మరి ఆకలేస్తే?" అంది అమ్మాయి.

తాగిన పాలే కొవ్వుగా ఒంట్లో ఉంటాయని, వాటితోనే కొన్ని వారాలు నెట్టుకొస్తుందని చెప్పాను. ఈసారి మారు ప్రశ్న వేయలేదు. కంచె పట్టుకుని, ఆ పిల్ల మళ్లీ తల్లి పొట్టలోకి మూతి దూర్చి తాగుతుంటే చూస్తూ నిలబడింది.