వేలు తీయకండి ఆమా

మా కంపెనీలో ఏడాదికి 3 రోజులు వాలంటీరింగ్ సెలవు ఇస్తారు. జీతంలో కోత ఉండదు. బ్రిటన్‌లో చాలా కంపెనీల్లో ఈ పద్ధతి ఉంది. వచ్చిన కొత్తలో నాలుగేళ్ల పాటు నేను ఒక్కరోజు కూడా వాడుకోలేదు. వీసా, ఇంటి అద్దె, పాప స్కూలు, ప్రాజెక్టు డేట్లు, ఈ టెన్షన్‌లో అటు చూసే తీరికే దొరకలేదు. ఐదో ఏడు మా మేనేజర్ టీమ్ మొత్తాన్నీ ఊళ్లోని ఒక కమ్యూనిటీ హాలుకి తీసుకెళ్లింది. స్థానిక సంఘాల వాళ్లకి డిజిటల్ కమ్యూనికేషన్ నేర్పడం ఆ రోజు పని.

మేముండే ఊరు రెడింగ్. లండన్ ప్యాడింగ్టన్ నుంచి ఫాస్ట్ రైలెక్కితే అరగంట కూడా పట్టదు. ఐటీ కంపెనీలు ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఎక్కువే. ఆఫీసు, ఇండియన్ స్టోరు, సంక్రాంతికి అద్దెకి తీసుకునే స్కూలు హాలు, నాకు తెలిసిన రెడింగ్ అంతవరకే. ఆ రోజు ఒక బల్ల దగ్గర బార్బడోస్ నుంచి ఎప్పుడో దశాబ్దాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబాల పెద్దవాళ్లు కూర్చున్నారు. ఇంకో బల్ల దగ్గర కూరగాయల తోటల అలాట్‌మెంట్ సంఘం వాళ్లు. కిటికీ పక్కన పదిమంది నేపాలీ ముసలమ్మలు, బ్రిటిష్ సైన్యంలో చేసిన గూర్ఖాల భార్యలు, కొందరికి భర్తలు పోయారు. 1997కి ముందు రిటైరైన గూర్ఖాలకి ఇక్కడ స్థిరపడే హక్కు 2009లో గానీ రాలేదు. అప్పటికే వయసు మళ్లినవాళ్లు కొండ ఊళ్లు వదిలి ఈ చలిలోకి వచ్చారు.

చిన్నప్పుడు తెనాలిలో మా వీధికి ఒక గూర్ఖా ఉండేవాడు. అర్ధరాత్రి ఈల వేసుకుంటూ కర్ర నేలకి కొట్టుకుంటూ వెళ్లేవాడు. నెలకోసారి గుమ్మంలోకొచ్చి నిలబడితే అమ్మ డబ్బులిచ్చేది. అన్నేళ్లలో మా ఇంట్లో ఎవరమూ అతని పేరు అడగలేదు. ఆ నేపాలీ ముసలమ్మల్ని చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఈలే.

మేం 40 స్లైడ్లు తయారు చేసుకుని వెళ్లాం. సోషల్ మీడియా ప్లాను, న్యూస్‌లెటర్ ఎలా ఉండాలి, పోస్టు ఏ టైమ్‌కి పెట్టాలి. భోజనాల వేళకే అర్థమైపోయింది, అవి అక్కడ ఎవరికీ అక్కరకొచ్చేవి కావని. మధ్యాహ్నం ఆ నేపాలీ ముసలమ్మల్లో ఒకావిడ తన ఫోన్ నా ముందు పెట్టింది. వాళ్ల బృందం వాట్సాప్ గ్రూపులో ఏమొచ్చినా ఆమెకి చప్పుడు వినపడటం లేదు. ఫోన్ తీసుకుని అర నిమిషంలో సరిచేసి ఇచ్చాను. ఆమె హిందీలో అంది, "నువ్వు చేసిపెట్టావు బాబూ. మళ్లీ ఆగిపోతే ఎవరు చేస్తారు?" నాలుగింటికి అందరం గ్రూప్ ఫొటో దిగి వచ్చేశాం. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

వారం తర్వాత హెచ్‌ఆర్‌కి రాశాను. రోజుకి ఏడున్నర గంటల లెక్కన 3 రోజులంటే 22 గంటల 30 నిమిషాలు. దాన్ని ముక్కలు చేసి గంటన్నర చొప్పున వాడుకోవచ్చా అని అడిగాను. అలా చేస్తే 15 సార్లు వెళ్లొచ్చు. సిస్టమ్‌లో పూర్తి రోజో అర రోజో తప్ప కుదరదన్నారు మొదట. మేనేజర్ పట్టుబట్టి ఒప్పించింది. అప్పటినుంచి రెండు వారాలకో గురువారం పొద్దున పదింటికి ఆ హాల్లో ఉంటున్నాను. ఒకే రోజు ఆరు గంటలు చెబితే ఇంటికెళ్లేసరికి అంతా మర్చిపోతారు. రెండు వారాలు వాడి చూసి, ఎక్కడో ఆగిపోయి, ఆ ప్రశ్న పట్టుకుని మళ్లీ వస్తేనే పట్టుబడుతుంది. వాలంటీరింగ్ పేరుతో ఒక్కరోజు బస్సు కట్టుకుని వెళ్లే కంపెనీలన్నీ ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే, వాళ్ల ఫోన్ మీద నా చెయ్యి పడకూడదు. ఇది చాలా కష్టం. నేపాలీలో అమ్మని ఆమా అంటారు. మన 'బాబు' వాళ్లకీ ఉంది. ఒక ఆమాకి వాయిస్ మెసేజ్ పంపడం రావాలి. ఆమె చదువుకోలేదు, అందుకని టైపింగ్ కంటే ఇదే ముఖ్యం. పొలం పనులు చేసిన వేళ్లు ఎండిపోయి, చివర్లు గట్టిపడి ఉన్నాయి. మైకు గుర్తు మీద వేలు పెడుతుంది, ఫోన్‌కి తెలియదు. మళ్లీ పెడుతుంది, ఈసారి తెలుస్తుంది. ఫోన్ కాస్త అదరగానే ఉలిక్కిపడి వేలు తీసేస్తుంది. ఎలాగో పట్టి ఉంచితే, మాట్లాడటానికి ఫోన్‌ని చెవి దగ్గరికి తీసుకెళ్తుంది, వేలు జారిపోతుంది. "వేలు తీయకండి ఆమా, తీయకండి" అంటూ నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ని. లేకపోతే అవి వాటంతటవే ముందుకెళ్లిపోయేవి.

మూడో గురువారం పక్కనున్న ఆవిడ ఆమె వేళ్లకి కాస్త క్రీమ్ రాసింది. గుర్తుని పైకి జరిపితే లాక్ అవుతుందని, ఇక పట్టుకోనక్కర్లేదని ఇంకొకావిడ చూపించింది. నేపాల్లో ఉన్న చెల్లెలికి మొదటి మెసేజ్ వెళ్లింది, 11 సెకన్లు. పది నిమిషాల్లో జవాబొచ్చింది. వెనకాల మేకల అరుపులు వినపడుతున్నాయి. ఆమె దాన్ని ఐదుసార్లు వింది.

అలాట్‌మెంట్ సంఘం కథ వేరు. అలాట్‌మెంట్ అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న స్థలం. పాత లెక్క ప్రకారం పూర్తి ప్లాటు 10 రాడ్లు, మన లెక్కలో దాదాపు 300 గజాలు. ఆ సంఘం కార్యదర్శికి 78 ఏళ్లు, ఈమెయిల్ బాగానే వచ్చు. ఏళ్ల తరబడి సభ్యులందరి అడ్రసులూ 'టూ' గడిలో పెట్టి పంపుతున్నారాయన. ఒకసారి ఓ సభ్యుడు నీళ్ల పంపు విషయంలో పక్క ప్లాటు వాళ్లని తిడుతూ రాసిన జవాబు అందరికీ వెళ్లింది. ఇద్దరు సంఘం వదిలేశారు. ఆయన అది తన తప్పేనని లోలోపల బాధపడుతున్నారు. అడ్రసులు ఒకరివి ఒకరికి కనపడకుండా పంపే 'బీసీసీ' గడి ఏమిటో చూపించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. అందరి అడ్రసులూ అందరికీ కనపడేలా పంపడం 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టానికి కూడా విరుద్ధం కావచ్చని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక చీటీ మీద పెద్దక్షరాలతో 'బీసీసీ' అని రాసుకుని కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నారు.

ఎక్కువ గురువారాలు పోయింది మాత్రం సొంత ఈమెయిల్ పెట్టించడానికే. ఇక్కడ 2024 ముగిసేసరికి రెసిడెన్స్ పర్మిట్ కార్డుల కాలం చెల్లింది. ఇప్పుడంతా ఈ-వీసా, అంటే కార్డు బదులు ఆన్‌లైన్‌లో ఉండే రికార్డు. పాత పాస్‌పోర్టుల్లో స్టాంపులున్న పెద్దవాళ్లనీ ఆన్‌లైన్ ఖాతా తెరవమన్నారు. ఇంటి అద్దెకైనా ఉద్యోగానికైనా అక్కడినుంచే షేర్ కోడ్ తీసుకోవాలి, అవతలివాళ్లు మన వీసా చూసుకునేది దాంతోనే. కార్డు కాలం చెల్లిన రోజున నాకే గుండె ఖాళీ అయినట్టనిపించింది, ఇక వాళ్ల సంగతి చెప్పాలా. చాలామంది ఆమాల ఈమెయిల్ మనవడిది, ఫోన్ నంబరు కోడలిది. మనవడు వేరే ఊరెళ్తే లాగిన్ కోడ్ కూడా అతనితోనే వెళ్లిపోతుంది. ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే ఇక్కడ చట్టప్రకారం అనుమతి ఉండాలి, అందుకని ఆ ప్రశ్నలు వస్తే సలహా కేంద్రానికి పంపుతాం. మా పని ఈమెయిల్ వరకే. పాస్‌వర్డ్‌కి సంబంధం లేని మూడు మాటలు కలపమని ఇక్కడి సైబర్ భద్రతా కేంద్రం చెబుతుంది. వాళ్లు ఆ మాటలు ఎంచుకునేటప్పుడు మేం అటు తిరిగి కూర్చుంటాం.

బార్బడోస్ పెద్దలకి పార్శిల్ ఆగిపోయిందనే దొంగ మెసేజ్‌ల బెడద. అలాంటివి ఫిర్యాదుల నంబరు 7726కి ఫార్వర్డ్ చేయాలని, బ్యాంకు పేరుతో అనుమానపు ఫోనొస్తే పెట్టేసి, అసలు బ్యాంకుకి కలిపే 159కి చేయాలని చెబితే, వాళ్లే చీటీలు రాసి చర్చి నోటీసు బోర్డుకి అంటించారు.

ఈ ఏడాది మా ఇంట్లోనూ ఒక మార్పు వచ్చింది. తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. మునుపు వీడియో కాల్లో "అది కాదమ్మా, పక్కది, పక్కది!" అని అరిచి, చివరికి పక్కింటి కుర్రాడికి ఫోన్ ఇప్పించేవాణ్ని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 161 సేవలతో వాట్సాప్‌లో 'మన మిత్ర' మొదలుపెట్టాక, కరెంటు బిల్లు తనే కట్టుకుంటానంది. ఈసారి నేను అరవలేదు. "నీకు ఏం కనిపిస్తోందో చదువమ్మా" అన్నాను. నెమ్మదిగా చదివింది. తప్పు నొక్కింది, వెనక్కి వచ్చింది, మళ్లీ చదివింది. నలభై నిమిషాలు పట్టింది. మరుసటి నెల బిల్లు కట్టేశాక గానీ నాకు ఫోన్ చెయ్యలేదు.

నా ఖాతాలో ఇంకా 3 గంటలున్నాయి, అంటే రెండు గురువారాలు. రాబోయే గురువారం ల్యాండ్‌లైన్ల గురించి మాట్లాడుకుంటాం. 2027 జనవరికల్లా ఇక్కడి పాత రాగి తీగ ఫోన్లన్నీ ఇంటర్నెట్ లైన్ల మీదకి మారిపోతాయి. కరెంటు పోతే రౌటర్‌తో పాటు ఫోనూ ఆగిపోతుంది. నొక్కితే ఇంటి ఫోన్ లైను ద్వారా సాయం పిలిచే అత్యవసర బటన్ మెడలో వేసుకుని తిరిగే ఒక బార్బడోస్ పెద్దావిడ, కరెంటు పోయినప్పుడు అది మోగుతుందా లేదా అని పోయినసారి అడిగింది. ఆ బటన్ కంపెనీ వాళ్లని ఏమేం అడగాలో ఇద్దరం కలిసి ఒక కాగితం మీద రాసుకున్నాం. హాల్లోనే ఉండి, స్పీకర్ పెట్టి, ఫోన్ తనే చేస్తానంది.