ఊపిరి ముందు, ఎముక వెనుక

ఉదయం పరుగు ముగిసేసరికి ఊపిరి నిలకడగా ఉంది, కాళ్లలో ఇంకా బోలెడు సత్తువ మిగిలే ఉంది. అయినా ఆగిపోయాను, ఎందుకంటే ఈ రోజుకు కోచ్ రాసిచ్చినది నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఆరు విడతలు మాత్రమే. మారథాన్ పోటీల్లో 42.195 కిలోమీటర్లు ఏకబిగిన పరుగెత్తిన కాళ్లకు ఇది లెక్కలోకి రాని దూరమే. కానీ కాలి ముందు ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి వచ్చే సన్నని పగులు) వచ్చి నెలల తరబడి పరుగుకు దూరమైన తరువాత, పాత దూరాలను కొలమానంగా పెట్టుకోకూడదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

విరామం తరువాత శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో కోలుకోవు. పరుగు మానేసిన కొద్ది వారాలకే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం తగ్గుతుంది, దాంతో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తమూ తగ్గి, చిన్న పరుగుకే రొప్పు వస్తుంది. సాధన మళ్లీ మొదలుపెడితే ఆ నష్టం త్వరగానే పూడుతుంది. ఎముక సంగతి వేరు. అడుగు పడిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడింతల తాకిడి కాలికి తగులుతుంది. ఆ ఒత్తిడికి ఎముక ముందుగా దెబ్బతిన్న పాత భాగాన్ని తొలగించుకుని, ఆ తరువాతే కొత్తది పేర్చుకుంటుంది. తొలగింపు వారాల్లో అయిపోతుంది, కొత్తది గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఈ రెండింటి నడుమ ఎముక కొంతకాలం మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఊపిరి చక్కగా అంది ఇంకొంచెం దూరం వెళ్దామనిపిస్తుంది. తిరిగి వచ్చే రన్నర్ నీరసానికన్నా ఈ హుషారుకే ఎక్కువ భయపడాలి.

బూట్లు విప్పాక బొటనవేలితో ఆ ఎముకను మోకాలి కింది నుంచి చీలమండ దాకా అంగుళం అంగుళంగా నొక్కి చూసుకున్నాను. ఒకప్పుడు వేలు తగిలితే చాలు చురుక్కుమనే నాణెమంత చోట ఈ రోజు ఏమీ అనిపించలేదు. ఒంటికాలిపై గెంతినా నొప్పి లేదు. పిక్కల్లో బిగుతు ఉంది కానీ, అది రెండు కాళ్లలోనూ సమానంగా పరుచుకుని ఉంది కాబట్టి అలసటగానే భావించాను.

ధైర్యం చెప్పాలనుకునేవారు నాకు అమెరికా మారథాన్ రన్నర్ జోన్ బెనాయిట్‌ను గుర్తుచేస్తుంటారు. 1984లో మోకాలి శస్త్రచికిత్స జరిగిన 17 రోజులకే ఆమె అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీలో గెలిచింది, ఆ ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన తొలి మహిళా ఒలింపిక్ మారథాన్‌ను 2:24:52లో గెలుచుకుంది. ఆమె అంటే నాకెంతో గౌరవం, కానీ ఆ తొందర నాకు పనికివచ్చేది కాదు. ఇథియోపియా రన్నర్ కెనెనిసా బెకెలె ఉదాహరణే నాకు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ మారథాన్‌ను పూర్తిచేయలేకపోయిన అతడు, మరుసటి ఏడాది 37వ ఏట బెర్లిన్‌లో 2:01:41లో గెలిచి, అప్పటి ప్రపంచ రికార్డుకు కేవలం రెండు సెకన్ల దూరంలో నిలిచాడు.

రేపు పరుగు లేదు, సైకిల్ తొక్కాలి, పిక్కల వ్యాయామాలు చేయాలి. పోటీకి ఎప్పుడు పేరిస్తావని మిత్రులు అడుగుతున్నారు. సుదీర్ఘ పరుగు పూర్తిచేసిన మర్నాడు కూడా ఎముకను నొక్కితే నొప్పి లేదని తేలేవరకు ఏ తేదీనీ ఖాయం చేయనని వాళ్లకు చెప్పాను.