ఏనుగు మల్లమ్మ కొండ మీద ఒక పొద్దు

నిన్న హార్స్‌లీ హిల్స్ పోయొచ్చినాం. చిత్తూరులో చెమటలు కక్కుతా బస్సెక్కినోళ్లం, పైన దిగేసరికి అమ్మ కొంగు చెవుల చుట్టూ చుట్టేసుకుంది. సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తు మరి.

ఈ కొండ ఉండేది మదనపల్లె దగ్గర. మదనపల్లె అప్పట్లో కడప జిల్లా. అక్కడి కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ దొర ఎండలకు తాళలేక 1870 ప్రాంతంలో ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. పేరు కూడా ఆయనదే అయిపోయింది. అంతకు ముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మను ఏనుగులు సాకినాయని, చెంచులకు జబ్బు చేస్తే ఆమె నయం చేసేదని, ఒకరోజు కనపడకుండా పోయిందని చెప్తారు. గుడి ఇంకా ఉంది. ఒక ఎండాకాలం ఇల్లు కట్టుకున్నాయన పేరు బోర్డు మీద, వైద్యం చేసినామె పేరు గుళ్లో! నాకైతే పాత పేరే ఇష్టం.

ఊరంటే పెద్దగా ఏం లేదు. కొన్ని గెస్ట్‌హౌస్‌లు, నాలుగు అంగళ్లు, గంగోత్రి చెరువు. చెరువు గట్టున ఉడకేసిన చెనిక్కాయలు కొంటే, ఆ అవ్వ పొట్లం మీద ఇంకో గుప్పెడు పోసి, "కోతులొస్తాయి, చంకలో పెట్టుకో నాయనా" అనింది. నేను వినలేదు. ఫోన్ తీసి ఫొటో కొట్టేలోపు పొట్లం చెట్టెక్కేసింది. అమ్మ ఇప్పటికీ నవ్వుతానే ఉంది.

ఫొటోలో కోతి మాత్రం బాగా పడింది.